దొరలూ దివాణాలూ – 9: అప్పూ, అప్పా

రాయలసీమలో తండ్రిని ‘అప్పా’ అని పిలిచే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. సరిహద్దు దాటి కన్నడ సీమలో అడుగుపెడితే ప్రతి ఇంటా అదే పిలుపు. ఇక ‘అప్పు’ సంగతి మనకెవరూ వివరించనక్కర్లేదు. ఈ వారం కథకి ఈ రెండు మాటలూ కావాలి.

కిందటి సంచికలో కల్నల్ మెకంజీనీ, ఆయన కోసం ఊరూరా తిరిగి కైఫీయతులు పోగుచేసిన కావలి సోదరులనీ చూశాం. మెకంజీ కంపెనీ మనిషి, మద్రాసు సైన్యంలో మెట్టుమెట్టూ ఎక్కి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఫిలిప్ మెడోస్ టేలర్‌ది ఆ దారి కాదు. 1824 నుంచి 1860 దాకా, సెలవులు పోను, దక్కనులోనే ఉద్యోగం చేసి కల్నల్ దొర అనిపించుకున్నాడు గానీ కంపెనీ సైన్యపు పట్టీలో ఆయన పేరు లేదు. ఆయన నిజాము జీతగాడు. అందుకే ఎంత పని చేసినా, కంపెనీ అధికారుల పంక్తిలో ఆయన విస్తరి ఎప్పుడూ చివరనే పడేది. ఆ సంగతి ఆయన ఒక్కరోజు కూడా మరిచిపోలేదని ఆత్మకథ చదివిన వాళ్ళకి తెలుస్తుంది.

1808లో లివర్‌పూల్‌లో పుట్టాడు. తండ్రి వర్తకుడు, వ్యాపారం దెబ్బతింది. బొంబాయిలో బాక్స్‌టర్ అనే షావుకారు దుకాణంలో గుమాస్తాగా చేరితే కొన్నేళ్ళలో భాగస్తుణ్ణి చేస్తారన్న మాట నమ్మి పదిహేనేళ్ళ కుర్రాణ్ణి ఓడెక్కించారు. తీరా వచ్చి చూస్తే ఆ కొట్టే దివాలా అంచున ఉంది. బొంబాయి ప్రభుత్వంలో పెద్ద హోదాలో ఉన్న న్యూన్‌హామ్ అనే బంధువు జాలిపడి, నిజాము సైన్యంలో లెఫ్టినెంటు ఉద్యోగం ఇప్పించాడు. అలా పదహారేళ్ళకి ఔరంగాబాదు చేరాడు టేలర్. తర్వాతి కాలంలో ఎంత పేరొచ్చినా ఆయన జీవితానికి దారి వేసింది మాత్రం ఒక దివాలా కొట్టు.

ఈ నిజాము సైన్యం సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. దీన్ని హైదరాబాదు కంటింజెంటు అనేవాళ్ళు. సిపాయిలకీ అధికారులకీ జీతం ఇచ్చేది నిజాము, హుకుం నడిచేది కంపెనీ రెసిడెంటుది. ఆ అధికారులు ఇంగ్లీషువాళ్ళు, గుర్రాలూ గుడారాలూ భత్యాలూ అన్నీ ఘనంగా ఉండేవి. పాపం నిజామే అన్నిటికీ కడతాడులే అని ఆ దొరల మధ్య ఒక వేళాకోళం నడిచేది. ఖజానాలో డబ్బు లేనప్పుడు పేష్కారు చందూలాల్ ఊళ్ళను గుత్తకిచ్చి, షావుకార్ల దగ్గర చేబదుళ్ళు తెచ్చి జీతాలు సర్దేవాడు. ఆ షావుకార్లలో అందరికన్నా పెద్దది విలియం పామర్ కంపెనీ. 1820లో ఒక్కసారే 60 లక్షలు అప్పిచ్చిన కొట్టు అది, వడ్డీ మామూలుది కాదు. రెసిడెంటు మెట్‌కాఫ్ ఆ లెక్కలు తవ్వి బయటపెట్టడంతో కొట్టు కూలిపోయింది.

ఆ విలియం పామరే టేలర్‌కి మామ. 1832లో మేరీ పామర్‌ను పెళ్ళాడాడు. పామర్ తండ్రి ఇంగ్లీషు జనరల్, తల్లి ఫైజ్ బక్ష్ అనే మొగలాయి ఇంటి ఆడపడుచు. చాదర్‌ఘాట్ దగ్గర ఆ ఇంటికి హిందూ షావుకార్లూ, ముసల్మాను అమీర్లూ, దొరలూ ఒకే వాకిట్లోంచి వచ్చేవారు. కంటోన్మెంటులో పుట్టి కంటోన్మెంటులోనే ముసలివాళ్ళయిన దొరలకి దొరకని చదువు టేలర్‌కి అక్కడ దొరికింది. హిందుస్తానీ, ఫార్సీ, మరాఠీ నేర్చాడు. నేర్చుకోవడమంటే మున్షీ దగ్గర పాఠం అప్పజెప్పడం కాదు, రైతుతో భూమిశిస్తు గురించి పోట్లాడగలిగేంత.

పెళ్ళికి ముందే కొన్నాళ్ళు నిజాము రాజ్యం నైరుతి జిల్లాల్లో పోలీసు పని చూశాడు. దారిలో బాటసారులు మాయమైపోతున్నారనీ, ఎక్కడెక్కడో గోతుల్లో శవాలు బయటపడుతున్నాయనీ విని కూపీ లాగడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే 1829లో కొత్త నిజాము నాసిరుద్దౌలా గద్దెనెక్కి, జిల్లాల నుంచి ఇంగ్లీషు అధికార్లను వెనక్కి పిలిపించమన్నాడు. టేలర్ మళ్ళీ పటాలానికి పోవాల్సొచ్చింది. ఆ తర్వాత ఉత్తరాదిన స్లీమన్ ఠగ్గుల ముఠాలను పట్టుకుని జగద్విఖ్యాతుడయ్యాడు. ఇంకొంత కాలం తనని అక్కడే ఉండనిస్తే ఆ గుట్టు తనే విప్పేవాణ్ణని టేలర్ ముసలితనంలో కూడా నొచ్చుకున్నాడు. అవుననీ కాదనీ మనం తేల్చలేం. అయితే ఠగ్గులని ఇంగ్లీషు పాఠకుల ఇళ్ళలోకి తీసుకెళ్ళింది స్లీమన్ నివేదికలకన్నా టేలర్ నవల. హైదరాబాదులో క్షమాభిక్ష పొందిన ఠగ్గుల వాఙ్మూలాలు తనే రాసుకుని, వాటిలోంచి అమీర్ అలీ అనే పాత్రను మలిచాడు. సెలవు మీద ఇంగ్లండు వెళ్ళినప్పుడు 1839లో ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ ఠగ్’ మూడు సంపుటాలుగా అచ్చయింది. విక్టోరియా రాణి పుస్తకం బయటికొచ్చేదాకా ఆగలేక అచ్చు కాగితాలే తెప్పించుకుని చదివిందంటారు. మరుసటి ఏడు టిప్పు సుల్తాను మీద ఇంకో నవల. లండన్ టైమ్స్ పత్రికకి విలేఖరి పని కూడా కుదిరింది. ఇదంతా అయ్యాక నిజాము సైన్యంలో మళ్ళీ మామూలు కెప్టెనే.

1841లో రెసిడెంటు ఫ్రేజర్ ఆయన్ని సురపురం వెళ్ళమన్నాడు.

ఇంగ్లీషు కాగితాల్లో ‘షోరాపూర్’ అని కనిపిస్తుంది. ఇప్పుడు కర్ణాటకలో యాదగిరి జిల్లా. కృష్ణకీ భీమకీ నడుమ, రాళ్ళగుట్టల మధ్య ఊరు. ఏలేవాళ్ళు బేడ నాయకులు. కన్నడంలో బేడరు, మనకి బోయలు. సురపురం నాయకుల పూర్వుడు పిడియా నాయకుడు 1705లో వాగినగేరె కోటలో కూర్చుని సాక్షాత్తూ ఔరంగజేబుని నిలువరించినవాడు. ఎనభై దాటిన పాదుషా తానుగా వచ్చి ముట్టడించిన ఆఖరి కోట అది. మూడు నెలలు పట్టింది. చివరికి కోటైతే దొరికింది గానీ, అప్పటికే నాయకుడు తప్పుకుపోయాడు. తుపాకీ గురిలో బేడర్లకి సాటిలేరన్న పేరు టేలర్ కాలానికీ చెక్కుచెదరలేదు.

అలాంటి గడ్డ మీద అప్పుడు ఇంటిపోరు. రాజు కృష్ణప్ప నాయకుడు చనిపోయాడు. కొడుకు వెంకటప్ప ఆరేడేళ్ళ పిల్లవాడు. పినతండ్రి పిడ్డ నాయకుడికి పెత్తనం ఇవ్వాలని రెసిడెంటు, చచ్చినా ఇవ్వనని రాణి ఈశ్వరమ్మ. నిజాముకి కట్టాల్సిన నజరానా లక్షల్లో పేరుకుపోయి ఉంది. అంటే ఇక్కడా అప్పే. హైదరాబాదులో నిజాము కంపెనీకి బాకీ, సురపురంలో నాయకుడు నిజాముకి బాకీ. పై నుంచి కిందకి ఒకే తాడు. ఆ తాడు కొసన ఏమీ తెలియని ఒక కుర్రవాడు.

ఈశ్వరమ్మ గురించి టేలర్ రాసినదంతా నమ్మాలని లేదు. ఆమె చదువుకున్నది, లెక్కలు తెలిసినది, కోపిష్టి, కోట గుమ్మాలు మూసి బేడర్లను తుపాకులతో నిలబెట్టగలది అని ఆయనే ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే ఆమె నడత మీద పుటలకి పుటలు రాశాడు. మొగుడు పోయి, చిన్న పిల్లాడితో, మరిది ఒక పక్క, నిజాము ఒక పక్క, దొర ఒక పక్క ఉన్న ఆడది ఇంకెలా నెగ్గుకొస్తుంది? దివాణం కాగితాలు ఆమె చెప్పగా రాసి ఉంటే ఈ కథ మరోలా ఉండేదని నా అనుమానం. ఏమైనా పెద్ద రక్తపాతం లేకుండానే టేలర్ కోట తలుపులు తెరిపించాడు. పిడ్డ నాయకుణ్ణి పెత్తనానికి కూర్చోబెట్టాడు. కొంతకాలానికి పెత్తనమంతా టేలర్ చేతికే వచ్చింది.

పన్నెండేళ్ళు అక్కడున్నాడు. టేలర్ పని ఏమిటో చూడాలంటే ఆ ఊరే చూడాలి. గుట్ట మీద ఆయన కట్టుకున్న బంగళాను ‘టేలర్ మంజిల్’ అంటారు, ఇప్పటికీ నిలిచే ఉంది. బోనాళ దగ్గర పాత చెరువు గట్టు ఎత్తించి పెద్ద చెరువు చేశాడు, ఇవాళ అది పక్షుల రక్షిత ప్రాంతం. రోడ్లు వేయించాడు, భూమిశిస్తు కట్టుబాటు చేశాడు, మామిడి తోపులు నాటించాడు. ఇంజనీరు కాడు, రెవెన్యూ పరీక్ష రాసినవాడు కాడు. పుస్తకాలు తెప్పించుకుని చదివి, మేస్త్రీలని అడిగి, తప్పులు చేసి దిద్దుకుంటూ నేర్చుకున్నాడు. చేతిలో పటాలం లేకుండా బేడర్ల మధ్య తిరిగాడు.

ఖాళీ దొరికితే సమాధులు తవ్వేవాడు. సురపురం చుట్టూ జేవర్గి, రాజనకోళూరు ప్రాంతాల్లో పెద్ద పెద్ద బండలు నిలబెట్టి పైన రాతిపలక కప్పిన కట్టడాలు ఉన్నాయి. తెలంగాణ పల్లెల్లో మనం రాక్షస గుళ్ళు అంటామే, అవే. అక్కడివాళ్ళు మోరియల ఇళ్ళనేవారు, మరుగుజ్జు మనుషులు కట్టుకున్నవని నమ్మకం. టేలర్ వాటిని కొలిచి, బొమ్మలు గీసి, తవ్వి, కుండలూ ఇనుప పనిముట్లూ ఎముకలూ ఏ లోతులో ఏ వరసలో దొరికాయో పొర పొరా రాసుకున్నాడు. ఇంగ్లండులో తను చూసిన రాతి గోరీలు గుర్తొచ్చి, ఇవి సిథియన్ జాతుల పని అనుకున్నాడు. ఆ ఊహ నిలవలేదు. కానీ అందరూ నిధుల కోసం తవ్వే రోజుల్లో మట్టి పొరలు లెక్కపెట్టిన ఆ గీతలు ఇప్పటికీ పురావస్తు శాస్త్రజ్ఞులకి పనికొస్తున్నాయి. కూలీవాడు పార వేసిన ప్రతిసారీ పక్కన కూర్చుని పుస్తకంలో రాసుకునే ఈ దొరని చూసి బేడర్లు ఏమనుకునేవారో!

ఇక ఆ పిల్లవాడు. వెంకటప్ప టేలర్‌ని ‘అప్పా’ అని పిలిచేవాడు. మర్యాద కోసం దొరకి తగిలించిన పిలుపు కాదు. తండ్రి మొహం సరిగ్గా ఎరగని పిల్లాడు, భార్యని పోగొట్టుకుని కన్నబిడ్డలు ఇంగ్లండులో ఉన్న మనిషి. ఇద్దరికీ ఇల్లు ఖాళీయే. పిల్లాడి చదువూ, సవారీ, తల్లితో తగువులూ, జబ్బులూ, పెళ్ళీ అన్నీ టేలర్ చూశాడు. పుట్టినప్పుడు వేసిన జాతకంలో ఇరవై నాలుగో ఏట గండం ఉందనీ, అది దాటడనీ జోస్యులు చెప్పారట. ఈశ్వరమ్మ ఆ రహస్యం ఒకరోజు ఏడుస్తూ టేలర్‌కి చెప్పింది. రాజుకి మాత్రం చెప్పలేదు. తల్లికీ, పురోహితుడికీ, దొరకీ తెలిసిన మాట అది. దొర నమ్మలేదు గానీ రాసిపెట్టుకున్నాడు.

1853లో మైనారిటీ తీరింది. ఖజానాలో మిగులు చూపించి రాజ్యాన్ని వెంకటప్ప చేతిలో పెట్టి టేలర్ సురపురం వదిలాడు.

సరిగ్గా అదే ఏడాది హైదరాబాదులో పెద్ద అప్పు పండింది. కంటింజెంటు జీతాలు కంపెనీయే సర్దుతూ వచ్చి, ఆ మొత్తాన్ని నిజాము ఖాతాలో రాస్తూ వచ్చింది. వడ్డీతో కలిపి బాకీ దాదాపు యాభై లక్షలు తేల్చారు. గవర్నర్ జనరల్ డల్హౌసీ కలకత్తా నుంచి కళ్ళెర్రజేశాడు. మే నెలలో రెసిడెంటు ‘లో’ దొర ఒప్పందం కాగితం ముందు పెట్టాడు. బేరారు, రాయచూరు దోఆబు, నల్దుర్గం వైపు జిల్లాలు కంపెనీ చేతికి. నాసిరుద్దౌలా ఎంత పెనుగులాడినా సంతకం తప్పలేదు. ఆ నెల తిరక్కుండానే దివాను చనిపోతే అతని సోదరుడి కొడుకు ఇరవై నాలుగేళ్ళ సాలార్ జంగ్ ఆ కుర్చీలోకొచ్చాడు.

ఈ చోట టేలర్ ఆత్మకథ చదువుతూ నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ముప్పై ఏళ్ళుగా ఆయన తిన్న జీతం కూడా ఆ బాకీలో ఉంది. ఔరంగాబాదులో ఆయన ఎక్కిన గుర్రం, వేసిన గుడారం అన్నీ కలిస్తేనే ఆ యాభై లక్షలు. ఇప్పుడు ఆ బాకీ కింద జప్తు చేసిన నల్దుర్గం జిల్లాకి డిప్యూటీ కమిషనరుగా ఆయన్నే వేశారు. ఆయనకి మాత్రం ఇందులో ఎబ్బెట్టు ఏమీ కనిపించలేదు. తనలాంటి కంపెనీయేతరుడికి జిల్లా ఇచ్చారన్న సంతోషమే పుటల నిండా. మంచి పరిపాలకుడే, అందులో అనుమానం లేదు. నల్దుర్గంలోనూ సర్వే చేశాడు, చెరువులు తవ్వించాడు, రోడ్లు పరిచాడు. చేసే పని మీద అంత ప్రేమ ఉన్నవాడికి ఆ పని ఎవరి నేల మీద, ఏ హక్కుతో చేస్తున్నాడన్న ప్రశ్న తట్టకపోవడం వింతగా ఉంటుంది.

1857 వచ్చింది. ఉత్తరాదిన తిరుగుబాటు. జులై 17న హైదరాబాదులో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రెసిడెన్సీ మీదకి జనాన్ని తెచ్చారు. రెసిడెంటు డేవిడ్‌సన్ టేలర్‌ని బేరారు పంపాడు. సైన్యం ఇవ్వడానికి లేదు, నీ తెలివితో నెట్టుకురా అన్నది సారాంశం. బుల్ఢాణాలో ఆయన అలాగే నెట్టుకొచ్చాడు. అక్కడ తుపాకీ పేలలేదు. పైగా జనరల్ విట్‌లాక్ దండుకి ఫిరంగులు లాగే ఎడ్లు కావాలంటే వందల కొద్దీ కొని తోలించాడు.

సురపురంలో మాత్రం నిప్పు రాజుకుంది. అధికారం చేతికొచ్చిన కొద్ది కాలానికే కుర్ర రాజు చుట్టూ చేరాల్సినవాళ్ళు చేరారనీ, మిగులంతా హారతి కర్పూరమై మళ్ళీ అప్పులపాలయ్యాడనీ టేలర్ రాశాడు. అది టేలర్ మాట. ఇవాళ కర్ణాటకలో వెంకటప్ప నాయకుణ్ణి స్వాతంత్ర్య వీరుడిగా తలుచుకుంటారు, అక్కడి మాట అది. నానా సాహెబు పేర మనుషులు వచ్చిపోతున్నారనీ, రాజు అరబ్బులనీ రోహిలాలనీ కొలువులోకి తీసుకుంటున్నాడనీ రెసిడెంటుకి వేగు అందింది. సర్దిచెప్పడానికి కెప్టెన్ రోజ్ క్యాంబెల్‌ని పంపారు. మాటలు తెగలేదు. 1858 ఫిబ్రవరిలో బేడర్లు దండు మీద పడ్డారు. మరుసటి రోజు గుట్టల దగ్గర పోరులో కెప్టెన్ న్యూబెరీ చచ్చిపోయాడు, ఇంకో చిన్న దొర గాయపడి పోయాడు. అదనపు పటాలాలు దగ్గరపడుతున్నాయని తెలిసి రాజు రాత్రికి రాత్రి కొద్దిమంది రౌతులతో కోట వదిలాడు. ఎక్కడికి? హైదరాబాదుకే. బజారులో దిక్కుతోచక తిరుగుతుంటే సాలార్ జంగ్ మనుషులు పట్టుకుని రెసిడెంటుకి అప్పజెప్పారు.

టేలర్ హైదరాబాదు వచ్చాడు. సికిందరాబాదులో సంకెళ్ళ మధ్య ఉన్న కుర్రాణ్ణి చూడ్డానికి వెళ్ళాడు. వెంకటప్ప ఆయన్ని కావలించుకుని ‘అప్పా’ అంటూ ఏడ్చాడు. ఎవరెవరు కలిసి ఈ పని చేశారో చెబితే శిక్ష తగ్గవచ్చని అధికారుల ఆశ. ఆ పేర్లు చెప్పడానికి మాత్రం రాజు ఒప్పుకోలేదు. దొంగలా ఉరి తీయొద్దనీ, చంపాలంటే ఫిరంగి నోట కట్టి పేల్చమనీ కోరాడట. ఈ మాటలు టేలర్ రాస్తేనే మనకి తెలిశాయి, అది ఆయన గురించి చెప్పుకోవాల్సిన మంచి.

విచారణలో మరణశిక్ష పడింది. డేవిడ్‌సన్ దాన్ని ద్వీపాంతరానికి తగ్గించాడు. గవర్నర్ జనరల్ క్యానింగ్ ఇంకా తగ్గించి మద్రాసు దగ్గర చెంగల్పట్టులో నాలుగేళ్ళ ఖైదు చేశాడు. బుద్ధిగా ఉంటే రాజ్యం తిరిగి వచ్చే ఆశ కూడా ఉందన్నారు. ఈ వార్త అందేసరికి టేలర్ కమిషనరుగా మళ్ళీ సురపురంలోనే ఉన్నాడు. సంతోషంతో ఆ ముసలి పురోహితుణ్ణి పిలిచి, చూశావా, రాజు బతికాడు, మీ జాతకం తప్పింది అన్నాడు. ఏడు ఇంకా పూర్తికాలేదు కదా అన్నాడు పురోహితుడు.

రాజుని చెంగల్పట్టు బయల్దేరదీశారు. హైదరాబాదు దాటాక మొదటి మజిలీలోనే, కాపలా అధికారి తన రివాల్వర్ పక్కన పెట్టి గుడారం లోపలికో బయటికో కదిలాడు. చప్పుడైంది. వెనక్కి వచ్చి చూస్తే వెంకటప్ప పడి ఉన్నాడు. కావాలని కాల్చుకున్నాడా, చేతిలోకి తీసుకుని చూస్తుంటే పేలిందా అన్నది అప్పుడూ తేలలేదు, ఇప్పుడూ తేలదు. అప్పటికి ఇరవై నాలుగో ఏడు నడుస్తోంది. కబురు సురపురానికి చేరినప్పుడు పురోహితుడు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నాడు.

ఈ జాతకం కథని టేలర్ ఆత్మకథలో ఎంతో శ్రద్ధగా చెప్పాడు, నవలాకారుడు కదా. అలా చెప్పడంలో ఆయనకి ఒక ఊరట కూడా ఉందనిపిస్తుంది. చావు నుదుటన రాసి ఉంటే ఇక ఎవరి తప్పూ లేదు. నజరానా తప్పు లేదు, రెసిడెంటు తప్పు లేదు, పెంచినవాడి తప్పూ లేదు.

కంపెనీ పోయి రాణి ప్రభుత్వం వచ్చాక, 1860లో హైదరాబాదుతో కొత్త ఒప్పందం కుదిరింది. తిరుగుబాటు కాలంలో నిలకడగా ఉన్నందుకు నిజాముకి బహుమానాలు. రాయచూరు దోఆబు, నల్దుర్గం వైపు జిల్లా తిరిగి ఇచ్చారు. బేరారు ఇవ్వలేదు. యాభై లక్షల బాకీ కొట్టేశారు. దానితోపాటు, తిరుగుబాటుకి జప్తు చేసిన సురపురాన్ని కూడా నిజాముకి ధారపోశారు. అప్పు పద్దు, ‘అప్పా’ అని పిలిచిన పిల్లాడి రాజ్యం, రెండూ ఒకే కాగితం మీద ముగిశాయి. టేలర్ ఆరోగ్యం చెడి దేశం వదిలింది కూడా ఆ ఏడాదే. ఆ తర్వాత సురపురం 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండిపోయింది.

మిగిలిన పదహారేళ్ళూ రాతలోనే గడిపాడు. ‘తార’, ‘రాల్ఫ్ డార్నెల్’, ‘సీత’, విద్యార్థుల కోసం హిందూదేశ చరిత్ర ఒకటి. 1875లో సాలార్ జంగ్ రమ్మంటే ముసలితనంలో, చూపు మందగించిన స్థితిలో మళ్ళీ హైదరాబాదు వచ్చాడు. ఎండకీ జ్వరానికీ తట్టుకోలేక తిరిగి వెళ్తూ 1876 మేలో ఫ్రాన్సు సముద్రతీరంలో మాంతోన్‌లో కన్నుమూశాడు. ఆత్మకథని కూతురు ఆలిస్ మరుసటి ఏడు అచ్చు వేయించింది.

చివరి నవల ‘ఎ నోబుల్ క్వీన్’ ఆయన పోయాక 1878లో వచ్చింది. చాంద్ బీబీ కథ. అందులో అహ్మద్‌నగర్, బీజాపూర్ దర్బారులతో పాటు కృష్ణ ఒడ్డున గుట్టల్లో తిరిగే ఒక బేడరు నాయకుడు ఉన్నాడు. తుపాకీ గురి తప్పనివాడు, ఇచ్చిన మాట తప్పనివాడు. ఆ కథ జరిగే కాలానికి ఈస్టిండియా కంపెనీ ఇంకా పుట్టలేదు.

(సశేషం)